దవాఖానలో చెప్పకూడని మాట

మెడికల్ కాలేజీ వచ్చాక ఆ ఊరి పెద్ద దవాఖాన చుట్టూ ఐదంతస్తుల అద్దాల భవనం లేచింది. మధ్యలో సంస్థానం కాలం నాటి రాతి వార్డు మాత్రం అట్లాగే మిగిలిపోయింది. కూలగొట్టాలని కొందరు, కాపాడాలని కొందరు కొట్లాడుకుంటుండగా, కొత్త భవనంలో మంచాలు చాలక జ్వరం పిల్లలను అందులోనే పడుకోబెట్టారు. పెద్ద దవాఖాన అంటే అంతే గదా! మనిషి పట్టేంత మందం గోడలు, కమాను దర్వాజాలు, కప్పుకు ఆనుకుని చిన్న చిన్న కిటికీలు. ఒకప్పుడు వాటిలోంచి ఎండ పడేదేమో. ఇప్పుడు నాలుగు దిక్కులా కొత్త గోడలే కాబట్టి పట్టపగలు కూడా లైటు వేయాల్సిందే. ఫినాయిలు ఎంత చల్లినా అడుగున తడి సున్నం వాసన వచ్చేది.

అమరచింత నుంచి వచ్చిన వసంతకు ఆ వాసన అలవాటైపోయింది. కూతురు మానసకు డెంగీ. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు పుట్టిన ఒక్కగానొక్క పిల్ల, ఇంకొకరు పుట్టే యోగం లేదని డాక్టర్లు ఎప్పుడో చెప్పేశారు. పిల్ల దక్కకపోతే తాను బతకనని వసంతకు తెలుసు. ఆ భయంలో ఆమెకు తోడు నిలిచింది మూలన కూర్చునే ఒక అవ్వ. పిల్లకు విసనకర్రతో విసురుతూ ఏవో పాత ముచ్చట్లు చెప్పేది.

"గత్తరొచ్చినప్పుడు కట్టిండ్రు బిడ్డా దీన్ని, గదే కలరా. అప్పుడు ఊరు గింత దగ్గర లేదు. కిటికీలు గంత పైన ఎందుకు పెట్టిండ్రనుకున్నవు? లోపలోళ్లు బయటికి సూడొద్దని."

"నీకెట్ల తెల్సు అవ్వా?"

"మేమొచ్చిన్నాడు గోడల సున్నం గూడ ఆరలే."

ముసలామెకు మతి తప్పిందిలే అనుకుంది వసంత.

పిల్ల కోలుకుంది. వాన పడుతున్న ఒక సాయంత్రం ఇంటికి పొమ్మన్నారు. గండం గడిచి పిండం బయటపడిందని వసంత కళ్లు తుడుచుకుంది. భర్త నాగేశ్ సంచులు పట్టుకున్నాడు. వసంత పిల్లను భుజాన వేసుకుని, మర్యాద తెలిసిన మనిషి గనుక, మూలకు తిరిగి చెప్పింది.

"పోయొస్తం అవ్వా."

నాగేశ్ చేతిలోని సంచి జారింది.

"నీకు బుద్ధుందా? దవాఖానల ఎవరన్న గట్లంటరా?"

ఎవరింటి నుంచి బయల్దేరినా 'పోయొస్త' అనే అనాలి. చావింట్లో, దవాఖానలో మాత్రం ఆ మాట అనకూడదు. నోరు మూసుకుని, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. వసంతకూ తెలుసు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం.

అవ్వ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"రాండ్రి బిడ్డా. ఇన్నేండ్లల్ల ఒక్కరన్న గీ మాట అనలే..."

ఇద్దరూ ఉరికినట్టే బయటపడ్డారు. గేటు ముందు ఆటో ఎక్కారు. ఊరు దాటేసరికి చీకటి పడింది. వాన జోరందుకుంది. వసంత భుజం మీద ఏదో కాలినట్టయింది.

పిల్ల ఒళ్లు.

"అమ్మా... సలి..."

"జరమొచ్చిందయ్యా! మళ్ల తిప్పమను ఆటోను."

"గాడికి వద్దు," అన్నాడు నాగేశ్. "మహబూబ్‌నగర్ పోదాం. ఎంతైనా గానీ."

దారి తరగడం లేదు. మానస ఊపిరి సన్నబడింది. పిలిస్తే పలకడం లేదు. వసంత ఏడుస్తూ పిల్ల తల నిమిరింది. చేతికి జిగటగా తగిలింది. వాన నీళ్లు కావు... ఆముదం. పొద్దున చిక్కుపడి ఉన్న జుట్టు ఇప్పుడు నున్నగా దువ్వి ఉంది. మాడు మీద నూనె నిండుగా అద్ది ఉంది. చచ్చిన మనిషికి ఆఖరి స్నానానికి ముందు అట్లా నూనె పెడతారు.

"నువ్వు పెట్టినవా?" గుసగుసగా అడిగింది.

"నేనేం పెట్టలే."

పిల్ల చెయ్యి జారి ఒళ్లో పడింది. వసంత ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మళ్లీ చూసింది. అరవబోయింది...

అప్పుడు ఆమె మెడ వెనుక నుంచి చల్లగా ఏదో కారింది. తన తల తడుముకుంది. కొప్పు విప్పి ఉంది. పాపిట తీసి ఉంది. నెత్తి మీద, మెల్లగా, ఓపికగా, ఎవరివో వేళ్లు ఇంకా రుద్దుతూనే ఉన్నాయి.