చాలు నాన్నా

"రోజూ కాలిని ఇలా నొక్కమని మీకెవరు చెప్పారమ్మా?" అని సర్జన్ అడిగాడు. కూతురు తల దించుకుని, "నేనే చేసుకున్నాను డాక్టర్," అంది. తల్లికి ఒళ్ళు మండిపోయింది. ఎంత పచ్చి అబద్ధం! ఆ పిల్లకు తండ్రీ, కోచ్ రెండూ తానే అయిన మహానుభావుడు పక్క కుర్చీలోనే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

హర్డిల్స్ పరుగెత్తే పిల్ల. గజ్జల్లో నొప్పి అన్నప్పుడల్లా కండరం బిగిసిందంటూ చాప మీద పడుకోబెట్టి, మోకాలు ఛాతీకి ఆనేదాకా తన బరువంతా వేసి నొక్కేవాడు. "చాలు నాన్నా" అని ఏడిస్తే, "చాలు అనేవాళ్ళకి పతకాలు రావు" అనేవాడు. తల్లి అడ్డు వెళ్తే, "నువ్వెప్పుడైనా పరుగెత్తావా?" అని నోరు మూయించేవాడు.

సర్జన్ ఎక్స్‌రే చూపించాడు. "తొడ ఎముక బంతి మీద ఈ బొడిపె చూడండి. కాలు మడిచినప్పుడల్లా తుంటి గిన్నె అంచుకు గుద్దుకుంటోంది. బొడిపె ఎవరి తప్పూ కాదు. అంచు మాత్రం నొక్కీ నొక్కీ చిరిగిపోయింది. బొడిపె వెనకదాకా ఉంది, చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్‌తో పని కాదు. కోసి, బంతిని బయటికి తీసి చెక్కాలి, అంచు కుట్టాలి."

"మళ్ళీ పరుగెత్తుతుందా?" అన్నాడు తండ్రి.

"చాలామంది పరుగెత్తుతున్నారు. నేను మాట మాత్రం ఇవ్వలేను."

వరండాలోకి రాగానే తల్లి విరుచుకుపడింది. "నొప్పి తగ్గుతుందా అని అడగడానికి నోరు రాలేదేం? అది మీ పరువు కోసం అబద్ధమాడింది. మీరు వింటూ కూర్చున్నారు. ఇక దాని కాలు ముట్టుకుంటే ఊరుకోను."

అన్నంత పనీ చేసింది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఆయన్ని మంచం దరిదాపులకు రానివ్వలేదు. ఫిజియోథెరపిస్ట్ నేర్పినట్టు కాలు మెల్లగా వంచి చాపడం తనే చేసేది. ఆయన గుమ్మం దగ్గరే తచ్చాడుతూ ఉండేవాడు.

ఒక ఉదయం కూతురు, "ఇవాళ నాన్నని చెయ్యనీ అమ్మా," అంది.

"చచ్చినా ఒప్పుకోను."

"కాలు నాదమ్మా."

తల్లి పళ్ళు బిగబట్టి పక్కకు జరిగింది. ఆయన నేల మీద మోకాళ్ళపై కూర్చుని, మడమ కింద చెయ్యిపెట్టి కాలు ఎత్తాడు. మోకాలు సగం కూడా వంగలేదు...

"చాలు నాన్నా."

తల్లి ఆయన చెయ్యి లాగేయడానికి ముందుకు వంగింది. అక్కర్లేకపోయింది. ఆయన అక్కడే ఆగాడు. కాలిని దిండు మీద దించి, ముఖం దుప్పట్లో దాచుకుని ఏడ్చాడు.

"ఆ రోజు డాక్టర్‌తో నేనే నొక్కానని చెప్పాల్సింది," అన్నాడు.

"నాకు తెలిసింది నాకెందుకు చెప్తారు? కుట్లు చూపించడానికి వెళ్తాంగా, ఆయనకే చెప్పండి," అంది తల్లి. కోపం రవ్వంత కూడా తగ్గలేదు. "దాని ముందే చెప్పండి."

ఆయన తలూపాడు. ఆవిడ తన కుర్చీని కాలితో ఆయన వైపు తోసింది.

"నేల మీద కూర్చుంటే మీ నడుం పట్టేస్తుంది. రేపు కూడా మీరే చెయ్యాలి."