మందు వేసిన కీచురాయి

హాలియా దగ్గరి వడ్ల గోదాములో కీచురాళ్ళు పట్టడానికి మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. వాటి మీదే నా పరిశోధన. పెళ్ళిచూపుల్లో మాత్రం ఈ సంగతి ఎత్తొద్దని అమ్మ బతిమాలుతుంది.

కీచురాయి వెనక భాగాన సన్నని వెంట్రుకలుంటాయి. దగ్గర్లో ఎవరు కదిలినా ఆ గాలికి అవి వంగుతాయి. వంగగానే వాటి మొదట్లోని నరాల్లో అయాన్ చానెళ్ళనే చిన్న తలుపులు తెరుచుకుంటాయి. పురుగుకు కబురందుతుంది, పాట ఆగుతుంది. కదలిక పోతే మళ్ళీ పాడుతుంది. నా డబ్బాలో ఉన్నదానికి మాత్రం ఆ తలుపులు తెరుచుకోకుండా మందు వేశాను. వేలితో తాకినా పాడుతూనే ఉంటుంది. మిగతావాటితో పోల్చి చూద్దామని వెంట తెచ్చాను.

బస్తాల మధ్య కూర్చున్నానో లేదో షటర్ దబ్బున పడింది. లోపల కారుచీకటి. వడ్ల దుమ్ము, తడి గోనెల వాసన.

"మేడం, స్ప్రింగ్ తెగింది," బయటినుంచి వాచ్‌మన్ గిరి అరిచాడు. "మెకానిక్‌ను పిలుస్తున్న. ఫికర్ చెయ్యకుండ్రి."

కదలకుండా కూర్చున్నాను. కీచురాళ్ళు గోదామంతా పాడుతున్నాయి.

కాసేపటికి వెనక గోడ దగ్గర పాట ఆగింది. ఎలుకేమో అనుకున్నాను. తర్వాత దాని ముందున్న బస్తాల వరసలో ఆగింది. గోడ దగ్గర మళ్ళీ మొదలైంది. ఇంకో వరస ఆగింది... అడుగుల చప్పుడు లేదు. ఏదో నా వైపే వస్తోంది.

నాకు చచ్చేంత భయమేసింది. లేచి షటర్ దగ్గరికి పరుగెత్తాలనిపించింది. కానీ నేను కదిలితే కీచురాళ్ళన్నీ ఆగిపోతాయి. అదెక్కడుందో ఇక తెలియదు.

"గిరీ..." కదలకుండానే పిలిచాను. "లోపల ఇంకెవరున్నారు?"

"ఎవ్వలు లేరు మేడం. మీరొక్కరే గద."

పక్క బస్తా దగ్గర పాట ఆగింది. నా కాళ్ళ దగ్గర ఆగింది. ఇక ముందుకు పోలేదు... అక్కడే ఉంది. ఒడిలోని డబ్బాలోంచి ఒక్క గొంతే వినిపిస్తోంది. నా మెడ మీది వెంట్రుకలు మెల్లగా ఒక పక్కకు వంగాయి.

షటర్ లేచింది. వెలుతురులో బస్తాలు తప్ప ఏమీ లేవు. నేను బయటికొచ్చాక కూడా గిరి షటర్‌ను కాసేపు ఎత్తి పట్టుకునే ఉన్నాడు. ఎందుకని అడిగితే తనకే తెలియదన్నాడు.

ఇప్పుడు నల్గొండలో, నా గదిలో ఉన్నాను. తలుపు గడియ పెట్టాను. గోడ పొడుగునా కీచురాళ్ళ డబ్బాలు. ఫ్యాను ఆపేశాను. చాలాసేపటి నుంచి నేను కదలడం లేదు. ఈపాటికి అవన్నీ పాడాలి.

మందు వేసిందొక్కటే పాడుతోంది. దానికొక్కదానికే ఇంకా తెలియదు.