మింగని మందు

...మింగడమనే పని గొంతు చేస్తుందా, మనసు చేస్తుందా? ఈ సందేహం అతనికి అద్దం ముందు ప్రాక్టీసు చేస్తున్నప్పుడే వచ్చింది. క్యాప్సూల్ పట్టుకున్న చెయ్యి నోటి దాకా వెళ్తుంది. అరచేతికి అతికించిన చర్మం రంగు రబ్బరు తిత్తి నోరు తెరుస్తుంది. క్యాప్సూల్ అందులోకి జారుతుంది. తర్వాత నీళ్ళు. తర్వాత గొంతు ఒకసారి కదలాలి. తిత్తి గూఢచారి ఆఫీసు ఇచ్చింది, చేతివాటం శిక్షణలో వచ్చింది. గొంతు కదపడం మాత్రం అతను సొంతంగా నేర్చుకున్నాడు. అందరూ నోటితో అబద్ధమాడతారు. అతను గొంతుతో ఆడుతున్నాడు.

అద్దెగదిలో ఆ క్యాప్సూల్స్ అన్నీ ఒక పాత టీ డబ్బాలో చేరేవి. సింకులో పారబోయమని రూలు. పారబోయలేకపోయాడు. ఎందుకని తనను తాను అడగలేదు. అడగకూడని ప్రశ్నలు అడగకపోవడం కూడా శిక్షణలో భాగమే.

మిషన్ అప్పగించిన రోజు పెద్దాయన నవ్వలేదు. చీఫ్‌ను అందరూ పెద్దాయన అనే పిలుస్తారు.

"నీకు షుగర్ బోర్డర్లో ఉందటగా?"

"అవును సార్."

"సర్వీసులో చేరాక నువ్వు సంపాదించిన మొదటి క్వాలిఫికేషన్. కూర్చో. ఒక తీగ ఉంది. దాని ఆకు పొడి క్యాప్సూల్స్‌లో పెట్టి జనానికి ఇచ్చి చూస్తున్నారు, రక్తంలో చక్కెరా కొవ్వూ అదుపులో ఉంటాయేమోనని. తేనెపట్టు కన్ను దాని మీద పడింది."

తేనెపట్టు అంటే ఒక విదేశీ ముఠా. ఎక్కడ ఏ పరిశోధన పండబోతోందో వాసన పడుతుంది. అది ఫెయిలైందని లోకాన్ని నమ్మిస్తుంది. పరిశోధన చేసినవాళ్ళు దిక్కులేక అమ్ముకుంటే కారుచౌకగా కొని, తన పేరు పెట్టుకుంటుంది.

"లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా సార్?"

"మానిటర్ మేడమ్. ట్రయల్ సరిగ్గా జరుగుతోందా లేదా అని చూసే ఆవిడ. ముఠా కబుర్లు మనకి చేరవేస్తోంది. లోపల వాళ్ళ మనిషి ఒకరున్నారట, ఎవరో ఆవిడకీ తెలీదట. నువ్వు మందు తీసుకునేవాళ్ళలో ఒకడిగా చేరు. ఆ మనిషిని పట్టుకో. 'వాన వచ్చేలా ఉంది' అని వినపడితే ఉన్నపళంగా బయటికి రా. ఇంకో మాట. శత్రువు చెయ్యి పడే చోట ఏదీ మింగకు. ఇది ఆర్డర్."

"మింగకపోతే వాళ్ళ లెక్క తప్పుతుందేమో సార్."

"వాళ్ళ లెక్క వాళ్ళు చూసుకుంటారు. మన లెక్క నువ్వు ప్రాణాలతో రావడం."

అలా అతను కళ్ళజోళ్ళ కొట్టులో సేల్స్‌మన్ అయ్యాడు. నెరసిన జుట్టు విగ్గు, నడుస్తుంటే కిర్రుమనే చెప్పులు, చొక్కా జేబులో కెమెరా పెన్ను.

పరిశోధన నడిపే డాక్టరమ్మ మొదటి రోజే అతన్ని తమ్ముడూ అంది. ఆమె గదిలో ఒక తూకం, ఒక బీపీ మిషను, ఎప్పుడూ సగం తాగి మర్చిపోయిన కాఫీ. కొత్తవాళ్ళకు ఆమే కూర్చోబెట్టి చెప్పేది.

"సగం మందికి నిజం మందు. సగం మందికి ఉత్తుత్తి మందు, వట్టి పిండి. రెండూ చేదే, రెండూ పచ్చగానే ఉంటాయి. ఎవరికి ఏది ఇచ్చామో నీకూ తెలీదు, నాకూ తెలీదు. కంప్యూటర్లో తాళం వేసి ఉంది. డబుల్ బ్లైండ్ అంటారు. అంటే ఇద్దరు గుడ్డివాళ్ళు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని రోడ్డు దాటడం. నువ్వు కళ్ళజోళ్ళమ్మేవాడివి, నీకు నచ్చదేమో."

"నా వ్యాపారం ఏమైపోవాలక్కా?"

ఆమె పకపకా నవ్వింది. అక్కా అన్న మాట అతని నోట్లోంచి ప్లాను ప్రకారమే వచ్చింది. వచ్చాక ప్లానులో ఇమడలేదు.

"ఒక్కటే కండిషన్ తమ్ముడూ. క్యాప్సూల్ విప్పకు. ఈ ఆకు నాలుకకి తగిలిందా, కాసేపటి దాకా తీపి తెలీదు. పంచదార నోట్లో పోసుకున్నా ఇసుకే. ఉత్తుత్తి దానికి ఆ గుణం లేదు. విప్పి రుచి చూస్తే నీకు ఏదిస్తున్నామో తెలిసిపోతుంది. తెలిస్తే పరిశోధన పాడవుతుంది."

"మింగితే చాలుగా?"

"మింగితే చాలు." ఆమె అతని చేతికి బీపీ పట్టీ చుట్టింది. "మాకు దొరికిన మనుషులు తక్కువ. ఒక్కరి రక్తం అబద్ధం చెప్పినా లెక్క ఒరిగిపోతుంది. మా తమ్ముడు ఉండేవాడు. షుగర్. మాత్ర వేసుకున్నావురా అంటే, మింగానక్కా అనేవాడు. రోజూ అనేవాడు. వాడు పోయాక పరుపు ఎత్తితే మాత్రలన్నీ కింద ఉన్నాయి. ఎందుకు మింగలేదో అడగడానికి మనిషి లేడు... అదిగో, నీ బీపీ పెరుగుతోంది. నా సోది విన్నవాళ్ళందరికీ ఇంతే."

ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ ఆమె అడిగేది, "మింగుతున్నావా తమ్ముడూ?"

"మింగుతున్నానక్కా."

ఆ రెండు ముక్కలు అనేటప్పుడు అతనికి ఒక పరుపు కనిపించేది. ఎన్నో దేశాల్లో ఎన్నో పేర్లతో అబద్ధాలాడాడు. అవన్నీ శత్రువులకు చెప్పినవి గనక అబద్ధాల్లా ఉండేవి కావు, పనిముట్లలా ఉండేవి. ఈ అబద్ధానికి మాత్రం బరువుంది. పైగా అది అతను కొత్తగా పుట్టించింది కాదు. చచ్చిపోయిన ఒక కుర్రాడి నోట్లోంచి తీసి తన నోట్లో పెట్టుకున్నాడు. మింగలేక కక్కలేక తిరుగుతున్నాడు.

ఎవరిని అనుమానించాలో తేలకుండానే ట్రయల్ చివరికొచ్చింది. అందరి రక్తం గొట్టాలూ చలిగదిలో, మంచులో ఉన్నాయి. ఆ సాయంత్రం వ్యాను వచ్చి వాటిని పెద్ద ల్యాబుకు తీసుకెళ్ళాలి.

కారిడార్లో కాఫీ మిషను పక్కన మానిటర్ మేడమ్ నిలబడి ఉంది. ఆమె ఎక్కడ నిలబడినా అక్కడే ఫొటో తీయాలనిపించే మనిషి. నల్లకళ్ళద్దాలు జుట్టులోకి తోసుకుని, సెంటు వాసన ముందు పంపి తను తర్వాత వస్తుంది. అందరూ తిరిగిచ్చిన సీసాలు, వాటిలో మిగిలిన క్యాప్సూల్స్ సరిచూడడం ఆమె పని. ఇప్పుడే స్టోరు గదిలోంచి వచ్చింది.

"ఏంటి కళ్ళజోళ్ళవారూ, ఇవాళ్టితో మాకు సెలవా?" కాఫీలో పంచదార వేసి తాగింది. మొహం చిట్లించింది. ఇంకో చెంచా వేసింది. ఇంకోటి. "ఈ మధ్య పంచదార కూడా కల్తీనే. తీపే లేదు."

"లోకంలోనే లేదు మేడమ్," అన్నాడతను.

ఆమె నవ్వి, కప్పు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. తాగకుండా వదిలేసిన కాఫీలు ఆ మిషను పక్కన అతను ఇదివరకూ చూశాడు. కొన్ని రోజులు చెంచా పంచదార చాలేది, కొన్ని రోజులు డబ్బా ఖాళీ అయ్యేది. ఆడవాళ్ళ డైటింగు అనుకుని ఊరుకున్నాడు. సీనియర్ ఏజెంటుకు తగని ఆలోచన.

ఇప్పుడు డబ్బాలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. తియ్యగా ఉంది.

పంచదార బాగానే ఉంది. పాడైంది ఆమె నాలుక.

తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే. తిరిగిచ్చిన ప్రతి సీసాలోంచీ ఒక క్యాప్సూల్ విప్పి ఆమె రుచి చూస్తోంది. కాఫీ తీపిగా ఉంటే ఆ మనిషిది ఉత్తుత్తి మందు. తీపి చచ్చిపోతే నిజం మందు. కంప్యూటర్ తాళంతో పని లేకుండా, నాలుకతోనే జాబితా అంతా తెలిసిపోయింది. ఇక చలిగదిలో గొట్టాల లేబుళ్ళు అటువీ ఇటువీ మార్చేస్తే చాలు. నిజం మందు మింగినవాళ్ళ రక్తం ఉత్తుత్తి మందువాళ్ళ పేరు మీద వెళ్తుంది. డాక్టరమ్మ కష్టమంతా గంగలో కలుస్తుంది. ముఠా కబుర్లు మనకు మోసిన మనిషే, మన కబుర్లు ముఠాకు మోసింది.

అతను చలిగది వైపు నడిచాడు. చెప్పులు కిర్రుమన్నాయి. విడిచి చేత్తో పట్టుకున్నాడు.

తలుపు తీసేసరికి తెల్లటి పొగ. ట్రే ముందు ఆమె. మంచు తుడిచిన గొట్టం ఒక చేతిలో, దాని మీద అంటించాల్సిన కొత్త లేబుల్ ఇంకో చేతి వేలి కొస మీద. ట్రేలో మిగతా గొట్టాల మీద మంచు చెదరలేదు, ఇదే మొదటిది. బయట వ్యాను హారన్ కొట్టింది.

"పెట్టెయ్యండి మేడమ్. చలికి లేబుల్ అంటుకోదు."

ఆమె ఉలిక్కిపడలేదు. గొట్టం మెల్లగా ట్రేలో పెట్టి, హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. చలిగదిలో ఎవరూ లిప్‌స్టిక్ వేసుకోరని అతనికి స్ఫురించి, చెయ్యి అడ్డం పెట్టాడు. చిన్న చప్పుడు. సూది వచ్చి అరచేతిలో దిగింది. నొప్పి లేదు. రబ్బరు తిత్తిలో ఆ పూట మింగని క్యాప్సూల్ ఉంది. సూది దానిలో గుచ్చుకుని ఆగిపోయింది.

రెండో సూది వచ్చేలోపు చేతిలోని చెప్పు విసిరాడు. లిప్‌స్టిక్ ఎగిరి మంచులో పడింది. ఆమె మణికట్టు అతని చేతికి చిక్కింది.

ఆమె అతని అరచేతి వైపు చూసి నవ్వింది. "నాకు ఎప్పట్నుంచో అనుమానమే. నీ గొంతు మరీ బాగా కదులుతుంది. నిజంగా మందు మింగేవాళ్ళు అంత శ్రద్ధగా మింగరు."

"నడవండి."

"నడుస్తాలే. నేను లేబుళ్ళు మార్చబోయాను. నువ్వు రక్తాన్నే మార్చేశావు. నా పని నువ్వు ఆపావు. మరి నీ పని ఎవరాపుతారు? ఆవిణ్ణి అక్కా అని కూడా పిలుస్తావు. నేను మేడమ్ అనే పిలిచాను, ఆ మాత్రం నీతి నాకుంది." కాస్త దగ్గరగా వచ్చింది. "నీ సీసా ఎప్పుడూ ఖాళీయే ఇచ్చావు. కానీ నీ నంబరు మీద పొరపాటున రెండు సీసాలొచ్చాయి. రెండోది స్టోర్లోనే ఉండిపోయింది. రుచి చూశాను. నీది ఏ మందో చెప్పనా?"

తెలుసుకోవడమే అతని వృత్తి. తెలుసుకోవడం కోసం పైకప్పులు పాకాడు, పళ్ళు విరగ్గొట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి అతని నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"వద్దు."

వ్యాను డ్రైవరు వేషంలో ఉన్న ఆఫీసు మనిషి ఆమెను వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళాడు. గొట్టాలు భద్రంగా పెద్ద ల్యాబుకు చేరాయి. మానిటర్ మేడమ్‌కు అర్జంటుగా బదిలీ అయిందని డాక్టరమ్మకు కబురు వెళ్ళింది.

"మంచి పిల్ల, పాపం వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు," అందిట ఆమె.

రక్తం రిపోర్టులు వచ్చాక, తాళం తీసే రోజు మందు తీసుకున్నవాళ్ళందర్నీ డాక్టరమ్మ పిలిచింది. అతను గది ఖాళీ చేసి వచ్చాడు. భుజాన సంచీ, సంచీలో బట్టలు, టీ డబ్బా. గేటు బయట కారు. చెవిలో బఠాణీ గింజంత రేడియో.

"మొహం చూపించి వచ్చెయ్," అంది పెద్దాయన గొంతు. "ఫస్ట్ క్లాస్ పని చేశావు."

హాలులో కుర్చీలు, గోడకు తెర. డాక్టరమ్మ కంప్యూటర్ ముందు నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది, దాని అంచుకు ఇంకా కొట్టు చీటీ వేలాడుతోంది.

"తాళం తీసేముందు ఒక మాట. ఎవరైనా మందు మానేసి ఉంటే ఇప్పుడే చెప్పండి. తిట్టను. ఇప్పుడు చెబితే వాళ్ళని పక్కన పెట్టి లెక్క వేస్తాను. తాళం తీశాక చెబితే పనికిరాదు. ఏది ఎవరికి లాభమో తెలిసిపోయాక చెప్పే నిజం నిజం కిందికి రాదు."

వెనక వరసలోంచి ఒక టైలర్ చెయ్యెత్తాడు. "అత్తగారింట్లో ఉన్న వారం మానేశానమ్మా."

"ఎందుకయ్యా?"

"అల్లుడికి షుగరని తెలిస్తే స్వీట్లు పెట్టరు కదమ్మా."

హాలంతా నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వి రాసుకుంది. ఆమె చూపు వరసల మీదుగా వచ్చి అతని మీద ఆగింది. అడగాల్సిన అవసరం లేదన్నట్టు, అలవాటుగా, చిన్నగా తలాడించింది.

అది ప్రశ్నే అయి ఉంటే జవాబు చెప్పేవాడేమో. అది ప్రశ్న కాదు, నమ్మకం. నమ్మకానికి జవాబు చెప్పడం శిక్షణలో లేదు.

చెబితే ఎందుకని అడుగుతుంది. ఆ ఎందుకుకు అతని దగ్గర బంగారంలాంటి కారణం ఉంది, దాన్ని బయటపెట్టే హక్కు లేదు. కారణం లేకుండా తప్పు ఒక్కటే ఒప్పుకోవాలి. ఆమె కళ్ళకు అతను పరుపు కింద మాత్రలు దాచిన ఇంకో తమ్ముడవుతాడు, అంతకన్నా ఏమీ కాడు. నిజమే కదా, అంతకన్నా ఏమయ్యాడు?

"వాన వచ్చేలా ఉంది," అంది చెవిలో గొంతు.

ఆమె వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయి.

"వాన వచ్చేలా ఉంది. వినపడుతోందా?"

అతను చెవిలోంచి బఠాణీ తీసి జేబులో వేసుకున్నాడు. లేచి, కిర్రుకిర్రుమంటూ హాలు పొడవునా నడిచి, టీ డబ్బా ఆమె కంప్యూటర్ పక్కన పెట్టాడు.

"ఏంటి తమ్ముడూ, టీ పొడా? నేను కాఫీ మనిషిని, తెలుసుగా."

ఎవరూ పట్టుకోకుండా దొరికిపోయిన గూఢచారి ఆ వృత్తిలో అంతకుముందు ఒక్కడూ లేడు.

"కాదక్కా," అని మూత తీశాడు.