హజ్రా బీ అరుగు మీద చచ్చినోడు

కారంపూడి రోడ్డులో హజ్రా బీ ఖాళీ ఇంటి సంగతి నాకు మొదట చెప్పింది సైకిల్ షాపు మౌలాలీ. ఆ రాత్రి వాడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. కాబట్టి మీరు విన్న మిగతా కథలన్నీ అవతల పారేసి ఇది వినండి.

గురజాలలో ఆ ఇంటికి చెడ్డ పేరు. దీపాలు పెట్టే వేళ దాటితే అరుగు మీద ఎవరో కూర్చుంటారని... పిలిస్తే పలకరని... అద్దెకున్న వాళ్ళు సామాను బండికెత్తి పోయారు. తర్వాత ఒక్కరూ రాలేదు. మొగుడు పోయిన హజ్రా బీకి ఆ అద్దే కూడు.

పత్తి వ్యాపారి లక్ష్మీనరసయ్యకు ఆ ఇంటి మీద కన్ను. బేళ్ళు పెట్టుకోడానికి. "దెయ్యాల కొంప ఎవడు కొంటాడు? జాలిపడి నేనే తీసుకుంటా" అని కబురు మీద కబురు. ఆయన జాలి నాకు తెలీదా! వాళ్ళింటి పెళ్ళిలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టిన మనిషి.

మొన్న ఎనభై ఆరు వానాకాలం. కరెంటు పోయింది. లక్ష్మీనరసయ్య టార్చిలైటు పట్టుకుని ఒక్కడే ఆ ఇంటికి పోయాడు — బేళ్ళు ఎన్ని పడతాయో చూసుకోడానికి. పగలు పోతే జనం చూస్తారుగా. దెయ్యమంటే భయం లేదా అంటారా... ఆగండి.

దడి దాటాడు. మూసిన తలుపుల వెనక గుసగుస...

"కడుపు నిలువునా కొయ్యి..."

"కోశా... చెయ్యి కనపడతాంది..."

టార్చి అటు తిప్పాడు. వెలుతురు అరుగు మీద పడింది.

మనిషి! తల మీదుగా దుప్పటి. కదలడు.

"ఎవర్రా... ఎవరది?"

పలకలేదు. దుప్పటి కొంచెం జారింది. దర్జీ ఖాదర్ వలి! పొద్దున తనకు చొక్కా కొలతలు తీసుకున్న ఖాదర్ వలి.

"ఒరే ఖాదరూ... నువ్వేందిరా ఇక్కడ?"

ఖాదర్ వలి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఊపిరంత సన్నగా —

"చచ్చిపోయాను శెట్టిగారూ... మాట్లాడకూడదు."

అంతే. టార్చి కింద పడింది. శెట్టిగారు కూడా పడ్డాడు. ఆ కాళ్ళు పట్టుకుని — "అయ్యా, నీ జోలికి రాను! ఇక్కడ దెయ్యముందని పుట్టించింది నేనే... ఇల్లు చవగ్గా వస్తుందని... నిజంగా ఉందని నాకు తెలీదయ్యా!" అని ఏడ్చి, చెప్పులొదిలేసి, ముళ్ళదడిలో పడి పరిగెత్తాడు.

ఇంక లోపలి సంగతి.

హజ్రా బీ మౌలాలీకి పినతల్లి. "నాలుగు గొంతులు వినపడితే ఇంటికి పట్టిన పేరు పోతుంది. మీ ఆటేదో ఇక్కడ ఆడుకోండిరా" అని ఆ సాయంత్రమే తాళంచెవి ఇచ్చింది. ఆటంటే ఏంది? మీసాలొచ్చిన మగాళ్ళు ఆడేదేనా అది! మౌలాలీ కథ మొదలుపెడతాడు — ఎత్తిపోతల జలపాతం దగ్గర చీకటి, వెనక భటులు, ఇప్పుడేం చేస్తావ్? అని. ఖాదర్ వలి దొంగ. బస్సు కండక్టరు కృపాదానం రాజు. పగలంతా "ముందుకు జరగండి" అని అరిచే నోటితోనే సేనలకు హుకుములు. ఎవడేం చేస్తానంటే అది చేసినట్టే. గవ్వలేస్తే బతుకో చావో తేలుద్ది. రాసిపెట్టుకున్న కథ లేదు, అప్పటికప్పుడు నోటికొచ్చిందే.

వినడానికే సిగ్గు. తిట్టొద్దామని ఒకసారి పోయా. "రాజుకు మంత్రి లేడు మామా, కూర్చో" అన్నాడు కృపాదానం. నా వయసుకు తగిన పదవే గనక కూర్చున్నా. లేచేసరికి కోడి కూసింది. అది వేరే సంగతి.

ఆ రాత్రి ఖాదర్ వలి జలపాతం మీంచి దూకుతానన్నాడు.

"కింద మొసళ్ళురా!" అన్నాడు కృపాదానం.

"నా దొంగకు ఈతొచ్చు."

"ఎప్పుడు నేర్చాడు?"

"ఇప్పుడే."

గవ్వలన్నీ బోర్లా పడ్డాయి. మొసలి మింగింది.

వాళ్ళకో చట్టముంది. చచ్చినోడు బయట కూర్చోవాలి. మిగతావాళ్ళు బతికించేదాకా నోరు మెదపకూడదు. అది ఖాదర్ వలి కోసమే పెట్టారంట — చచ్చాక కూడా సలహాలు చెప్పేవాడని! అందుకే శెట్టి కాళ్ళ మీద పడ్డా ఆ ఒక్క ముక్కే అన్నాడు. లోపల వీళ్ళు ఆట మత్తులో బయటి ఏడుపు వినలేదు; మొసలి కడుపు కోసి తనను తీసేదాకా వాడు బిగుసుకుని కూర్చున్నాడు.

తెల్లారాక లక్ష్మీనరసయ్య బజారంతా చెప్పాడు, దెయ్యాన్ని కళ్ళారా చూశానని. తను ఒప్పుకున్న మాట మాత్రం మింగేశాడు. ఖాదర్ వలి ఎదురుపోయి, "ఆ కూర్చుంది నేనే శెట్టిగారూ, ఆటలో చచ్చా! మీరన్న మాటలు నేను విన్నా" అన్నాడు.

"చచ్చానని వాడే ఒప్పుకుంటన్నాడు చూడండి!" అని అరిచాడు శెట్టి.

జనం వెనక్కి జరిగారు. అంత తెలివిగల జనం. ఆ వారం ఖాదర్ వలికి గుడ్డ కుట్టమని ఎవరూ ఇవ్వలేదు.

తను పుట్టించిన దెయ్యానికి తనే జడిసి శెట్టి ఇల్లు కొనడం మానుకున్నాడు. ఇప్పుడు ఊరికే ఇచ్చినా తీసుకోడు. కానీ అద్దెకు వచ్చేవాళ్ళూ లేరు. ఆ ముసలి హజ్రా బీ మిరప కల్లాల్లో తొడిమలు తీసుకుంటా చానా ఇబ్బంది పడతాంది.

అమ్మా లక్ష్మీకాంతం, నువ్వు ఆ శెట్టి భార్యవు. ఆ రాత్రి జడుపు జ్వరంలో 'దెయ్యాన్ని పుట్టించింది నేనే' అని ఆయన కలవరించిందంతా పక్కన కూర్చుని విన్నావని మీ పనిమనిషి చెప్పింది. నాకు కక్ష అంటారు, నా మాట వదిలెయ్. నువ్వు బజార్లోకొచ్చి, మీ ఆయన నోట విన్నది విన్నట్టు ఒక్కసారి చెప్పు తల్లీ.