అమ్మ నోరు చూడని డాక్టరమ్మ

పొద్దున్నే కూతురు కాఫీ పక్కన పెట్టుకుని కాలేజీ వాళ్లిచ్చిన ఫారం నింపుతోంది. దంతవైద్యం ఆఖరి సంవత్సరం. చదువులో చాట్‌బాట్ వాడకం మీద విద్యార్థుల అభిప్రాయాలు అడిగారు. నమ్మకం ఎంత అన్నచోట పదికి తొమ్మిది వేసింది. ‘ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు’ అని కూడా రాసింది. అదీ నిజమే, విసుక్కోవడం ఆ ఇంట్లో ఈ అమ్మాయిగారి పని.

అమ్మ ఎదురుగా కూర్చుంది, టిఫిన్ ముట్టలేదు. బస్టాండులో బస్సుల వేళలు మైకులో చెప్పే ఉద్యోగం ఆమెది. మాట ముద్దగా వస్తోందని పోయిన వారం పై అధికారే పట్టుబట్టి పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ నాలుక నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు ఇచ్చారు. చదువు పాడవుతుందని కూతురికి చెప్పలేదు.

నాన్న బయటి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఒక కాగితం ఆ ఫారం మీద పెట్టాడు.

"చదువు, డాక్టరమ్మా."

చదివింది. నాలుక క్యాన్సర్. పైన అమ్మ పేరు.

"మూడు నెలల కిందట అడిగింది కదే, నాలుక పక్కన పుండు మానట్లేదని! ఏం చెప్పావు?"

"చాట్‌బాట్‌ని అడిగా నాన్నా. పన్ను గీసుకుని అయ్యుంటుందంది. జెల్ రాయమంది."

"ఎన్నాళ్ల పుండని చెప్పావు దానికి?"

కూతురు ఆ మాట అమ్మను అడగనే లేదు. తనకు తోచినట్టు నాలుగు రోజులని కొట్టింది. రెండు వారాల్లో మానకపోతే తప్పక చూపించాలని అది కింద రాసింది కూడా. అంతదాకా చదివే ఓపిక ఎవరికుంది!

"దాన్నేమీ అనను. దానికి కళ్లు లేవు. నీకున్నాయిగా! ఒక్కసారి నోరు తెరువమ్మా అనుంటే..." 

"ఊరుకోండి, పిల్ల బెదిరిపోతోంది," అంది అమ్మ, మాట తడబడుతూ. "నొప్పి లేదని నేనే అన్నా. పరీక్షలున్నాయని మళ్లీ అడగలేదు."

ఆ మాటకు కూతురు కుప్పకూలి అమ్మ ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. కాలేజీలో ముక్కూమొహం తెలియని ఎందరివో నాలుకలు గాజుగుడ్డతో పట్టుకుని, పక్కకు లాగి, అంచులు చూసి మార్కులు తెచ్చుకుంది. రోజూ ఎదురుగా కూర్చునే మనిషి నోట్లోకి మాత్రం తొంగి చూడలేదు.

"తిట్టమ్మా నన్ను."

"తిట్లకేం తొందర. ముందిది చెప్పు, ఎంత కోస్తారే? మళ్లీ సరిగ్గా మాట్లాడగలనా?"

"చూడందే చెప్పలేనమ్మా."

"అయితే చూడు."

చేతులు కడుక్కుని, కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, గాజుగుడ్డతో అమ్మ నాలుక పట్టుకుంది. అంచున పుండు వేలికి గట్టిగా తగిలింది. చుట్టూ ఎంత మేర తీసేస్తారో కూతురికి తెలుసు.

నోరు తెరిచే ఉంది కనుక, ఎలా ఉందని అమ్మ కళ్లతోనే అడిగింది. కూతురికి ఆ నాలుక వదలబుద్ధి కాలేదు.