కదలని స్కోప్

ఒచివరోంగో ఊరి కోర్టు మెట్ల మీద ప్రాసిక్యూటర్ కూలిపోయినప్పుడు ఏజెంట్ కవేటు హెంగారి ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాడు. కాపలాకు పెట్టింది అతన్నే. తుపాకీ పేలిన చప్పుడు ఎవరూ వినలేదు. కానీ డాక్టర్ బయటికి తీసిన గుండు బొటనవేలంత ఉంది. అది ఏనుగులను కొట్టే గుండు. అలాంటి తుపాకీ పేలితే ఊరు ఊరంతా ఉలిక్కిపడాలి.

ఆ రోజు నుంచి కవేటుకు కంటి నిండా నిద్ర లేదు.

మూడు వారాల తర్వాత కల్నల్ ఇపింగే పిలిపించాడు.

"ప్రాసిక్యూటర్‌ని చంపించిన ముఠా, ఆ ఖడ్గమృగాల కొమ్ముల దొంగల ముఠా, ఈసారి అడ్వొకేట్ కౌరైసా మీద కన్నేసింది. శుక్రవారం పదకొండింటికి వాటర్‌బర్గ్ కొండ కింద, రోస్విత లాడ్జిలో ఊరి పెద్దల సాక్ష్యం తీసుకుంటుంది. ఆవిడ పడిందా, ఇక ఎవడూ నోరు తెరవడు."

"హంతకుడెవరు సర్?"

"తెలీదు. అక్కడికొచ్చిన వేటగాళ్ళలో ఒకడై ఉండాలి. నువ్వు తుపాకుల మేస్త్రీ వేషంలో వెళ్తున్నావు. ఆ రోస్విత మన మనిషే. ముఠా దగ్గర జీతం తీసుకుంటూ మనకు కబుర్లు మోస్తుంది. కోడ్ మాట 'వాన పడిందా?' జవాబు 'ఏనుగుల్ని అడుగు.'" కల్నల్ ఫైలు మూశాడు. "ఈసారి పోగొట్టకు కవేటూ."

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది.

శుక్రవారం పదింటికల్లా లాడ్జిలోని వేటగాళ్ళ తుపాకులన్నీ తనిఖీ కోసం కవేటు బల్ల మీదికి చేరాయి. రోస్విత స్వయంగా తన తుపాకీ తెచ్చి పడేసింది. మోకాళ్ళ దాకా తోలు బూట్లు, ఎర్రటి గోళ్ళు, ఎవరినైనా కట్టిపడేసే నవ్వు.

"వాన పడిందా మేడమ్?"

"ఏనుగుల్ని అడుగు మేస్త్రీ." ఆమె గొంతు తగ్గించింది. "ఆ ఆస్ట్రియా బొజ్జాయన మీద ఓ కన్నేసి ఉంచు. వాడే."

"మరి ఇది మీదేనా?"

"నాదే. నలభై ఏనుగుల్ని కొట్టాను దీంతో. తన్నిందంటే భుజం వారం రోజులు లేవదు. పదిన్నరకి వచ్చి తీసుకుంటా. నీళ్ళ దగ్గర మదమెక్కిన ఏనుగొకటి తిరుగుతోంది."

ఆమె వెళ్ళగానే కవేటు ముందు ఆస్ట్రియా ఆయన తుపాకీ అందుకున్నాడు. అదీ అదే సైజు. పెద్ద తుపాకీ తన్నిన ప్రతిసారీ తుపాకీ వెనక్కి పోతుంది, మీదున్న స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని మొరాయిస్తుంది. ఆ గుంజులాట అంతా ఆ రెంటినీ కలిపి బిగించే మౌంట్ భరించాలి. అందుకే తెలిసినవాడు ఉక్కు మౌంట్, లావు స్క్రూలు, తేలికపాటి స్కోప్ ఎంచుకుంటాడు. ఈయన అవన్నీ చూసుకుని మరీ ఎంచుకున్నాడు. అయినా స్కోప్ గొట్టం మీద, అది ముందుకు జరిగిన చోట, సన్నటి గీత పడింది. నిజంగా వేటాడే మనిషి.

తర్వాత రోస్విత తుపాకీ. కుందేళ్ళను కొట్టే తుపాకులకు వేసే పల్చటి అల్యూమినియం మౌంట్. చీమ తలల్లాంటి స్క్రూలు. దాని మీద కిలో బరువున్న స్కోప్. ఒకట్రెండు సార్లు పేలిస్తే ఊడి పడాల్సిన సరుకు. కానీ గొట్టం మీద ఒక్క గీత లేదు. స్కోప్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

అంటే ఈ తుపాకీ ఏనాడూ తన్నలేదు.

తన్నలేదంటే తూటాలో మందు సగం కూడా లేదు. గుండు నెమ్మదిగా పోతుంది, చప్పుడు చేయదు. కవేటు తుపాకీ గొట్టం చివర మూత తిప్పి చూశాడు. సైలెన్సర్ బిగించడానికి కొత్తగా కోసిన మరలు తళతళలాడాయి.

రేడియో అందుకున్నాడు.

"మౌంట్ చూసి మన మనిషినే అరెస్ట్ చేయమంటావా? నీకు మతిపోయిందా?" కల్నల్ లైన్ కట్ చేశాడు.

గేటు దగ్గర రోస్విత మనుషులు ఎనిమిది మంది, తుపాకులతో. తను ఒక్కడు. పదిన్నరకి ఇక పదిహేను నిమిషాలే. తుపాకీ పాడు చేస్తే తీసుకునేటప్పుడే కనిపెట్టేస్తుంది. ఏడుపొచ్చినంత పనైంది. తుపాకీ పక్కన ఆమె తూటాలు ఐదున్నాయి, ఒక్కోదాని అడుగున ఎర్ర చుక్క. అతను వాటిని జేబులో వేసుకుని, బదులుగా ఆస్ట్రియా ఆయన పెట్టెలోంచి నిండా మందున్న తూటాలు ఐదు తీశాడు. స్క్రూలకు గుర్తు పెట్టే ఎర్ర రంగుతో చుక్కలు పెట్టాడు. ఆరే దాకా నోటితో ఊదుతూనే ఉన్నాడు.

పదిన్నరకి రోస్విత వచ్చింది. బోల్ట్ ఆడించి చూసింది, ట్రిగ్గర్ నొక్కి టక్కుమన్న చప్పుడు విన్నది, చుక్కలు లెక్కపెట్టుకుంది.

"బాగా తుడిచావు మేస్త్రీ," అని భుజం తట్టి వెళ్ళిపోయింది.

చెట్టు కింద ఊరి పెద్దల మధ్య కౌరైసా కూర్చుని ఉంది. పండగనాడు కట్టుకునే నిండు గౌను, తల మీద ఆవు కొమ్ముల్లా అటూ ఇటూ చాచిన పెద్ద తలకట్టు. కవేటు చెవిలో చెప్పాడు. "అమ్మా, మీ మీద గురి పెట్టారు. లోపలికి రండి."

"నేను లేస్తే ఈ ముసలాళ్ళూ లేస్తారు తమ్ముడూ. లేచారంటే మళ్ళీ కూర్చోరు. నీ పని నువ్వు చూసుకో."

అతని లెక్క అతనికుంది. స్కోప్ నెమ్మది గుండుకు సరిచేసి ఉంది. వేగంగా పోయే గుండు గురికి మూరెడు ఎత్తున పోతుంది, ఆమె ఎక్కుతుందనుకున్న నీళ్ళ ట్యాంకు మీంచి కొడితే. అటు చూశాడు. ట్యాంకు మీద ఎవరూ లేరు. వంటింటి కప్పు మీద ఏదో మెరిసింది. ట్యాంకు కంటే ముప్పై మీటర్లు దగ్గర! దగ్గరైతే ఆ ఎత్తు తగ్గిపోతుంది.

"అమ్మా, వంగండి!" అరుస్తూ పరుగెత్తాడు. కాళ్ళు సాగడం లేదు. మళ్ళీ అదే రెండడుగుల దూరం.

తుపాకీ పిడుగులా పేలింది.

కప్పు మీంచి స్కోప్ ఊడి వచ్చి వంటవాళ్ళ గంజి డేగిసాలో పడింది. వెనకే రోస్విత కెవ్వుమన్న కేక. ఊడిన స్కోప్ తగిలి కనుబొమ చీలి రక్తం కళ్ళలోకి కారుతుంటే రెండో గుండుకు ఆమెకు ప్రపంచమే కనబడలేదు. చప్పుడు అందరూ విన్నారు, కప్పు మీద ఎవరున్నారో అందరూ చూశారు. గేటు దగ్గరి మనుషులు తుపాకులు కింద పెట్టేశారు. వంటవాళ్ళే ఆమెను దింపి కట్టేశారు.

కవేటు దుమ్ములో మోకాళ్ళ మీద పడిపోయాడు. కౌరైసా వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

"లే తమ్ముడూ." ఆమె తలకట్టు తీసి, దానికి పడిన కన్నంలో వేలు పెట్టి చూస్తోంది. "గుండు పైనుంచి పోతుందని ముందే లెక్క వేశావా?"

"వేశానమ్మా."

"దీన్ని కలిపి వేశావా, తల వరకేనా?"

కవేటు తలదించుకున్నాడు. "తల వరకే."

"అయితే మీ కల్నల్‌కు చెప్పు, నాకో కొత్త తలకట్టు బాకీ పడ్డాడని." కన్నం పడ్డ తలకట్టే మళ్ళీ పెట్టుకుని, కలం దుమ్ము దులిపి, సాక్ష్యం చెబుతున్న ముసలాయన వైపు తిరిగింది. "చెప్పు తాతా, ఎక్కడ ఆపావు?"