తాతాజీ గారి బంగారు పతకం

ఏలూరు పవర్‌పేటలోని ప్రైవేట్ డిటెక్టివ్ ఉషశ్రీ ఆఫీసుకు మంగళవారం ఉదయం వచ్చిన గోపీనాథ్, కూర్చోకుండానే విషయం చెప్పేశాడు.

"మా నాన్నగారి బంగారు పతకం పోయిందండి. తాతాజీ గారని, 1957లో మద్రాసులో బాక్సింగ్ ఛాంపియన్. వచ్చే ఆదివారం తాడేపల్లిగూడెంలో ఆయనకి సన్మానం. క్లబ్బు సెక్రటరీ ఫణికిరణ్ మొన్న శనివారం వచ్చి పతకం చూసెళ్ళాడు. నిన్న సోమవారం నేను ఊరెళ్ళి చూస్తే అలమరలో లేదు. గోడకుండే ఫొటో కూడా లేదండి."

"ఏం ఫొటో?"

"నాన్నగారూ, ఆయన ప్రాణస్నేహితుడు సీమోనూ ఉన్నదండి. ఫైనల్లో ఎదురెదురుగా దిగింది వాళ్ళిద్దరే. నాన్నగారి దెబ్బకి పడిపోయిన సీమోను మూడోరోజు ఆసుపత్రిలో పోయాడు."

ఉషశ్రీ తన అసిస్టెంట్ కృష్ణచైతన్యని తీసుకుని వెంటనే గోపీనాథ్‌తో బయలుదేరింది. కొల్లేరు పక్కన చేపల చెరువుల మధ్య ఆ పెంకుటిల్లు. ఎనభై ఎనిమిదేళ్ళ తాతాజీ లోపలి గదిలో నిద్రపోతున్నాడు. ముందుగదిలోని అద్దాల అలమరకు తాళం వేసే ఉంది. అందులో పెద్ద వెండి కప్పు అలాగే ఉంది. పక్క గోడకు కొత్త క్యాలెండర్ వేలాడుతోంది.

"పతకం, ఫొటో పోయినట్టు మీకెప్పుడు తెలిసింది, మామ్మగారూ?"

"మా అబ్బాయి నిన్న చెప్పేదాకా తెలీదమ్మా," అంది తాతాజీ భార్య వెంకటనరసమ్మ.

"ఈ క్యాలెండర్ బాగుందండి. ఎప్పుడు తగిలించారు?"

"ఆదివారం. గోడ బోసిగా ఉందని."

ఉషశ్రీ ఫణికిరణ్‌ని పిలిపించి, అందరినీ వంటింట్లో కూర్చోబెట్టింది.

"ఫణికిరణ్ గారికి ఇందులో సంబంధం లేదు. డబ్బు కోసం తీసిన మనిషి వెండి కప్పు వదలడు. ఎందుకూ పనికిరాని పాత ఫొటో పట్టుకెళ్ళడు. తీసినవాళ్ళు తాళంచెవితో తెరిచి, మళ్ళీ తాళం వేశారు. అంటే ఇంట్లో మనిషే. మామ్మగారూ, సోమవారం దాకా మీకేమీ తెలియకపోతే, ఆదివారానికే గోడ బోసిగా ఎలా కనిపించిందండీ?"

కృష్ణచైతన్య కళ్ళు మెరిశాయి. అంతలోనే ముసలావిడ ముఖం చూసి తల దించుకున్నాడు.

"అమ్మా, నువ్వా?" అన్నాడు గోపీనాథ్.

"మీ నాన్నకి మతిమరుపొచ్చి రెండేళ్ళయిందిరా. రోజూ పొద్దున్నే ఆ ఫొటో చూసి, సీమోను ఎప్పుడొస్తాడని అడుగుతారు. పోయాడని చెబితే, నా చేతుల్లోనేనా అని ఏడుస్తారు. రోజూ ఆయనకది కొత్త కబురే. ఓసారి వస్తున్నాడని అబద్ధం చెప్పాను. పొద్దుగుంకేదాకా గుమ్మంలోంచి లేవలేదు. ఇక సభలో పదిమందీ ఆ ఫైనల్ గురించే మాట్లాడితే... పతకం లేకపోతే సభే ఆగిపోతుందనుకున్నాను."

ఫణికిరణ్ లేచి నిలబడ్డాడు. "సన్మానం వద్దులెండి, అమ్మగారూ. క్లబ్బులో నేను చెప్పుకుంటాను," అన్నాడు.

వెంకటనరసమ్మ బియ్యం డబ్బాలోంచి పతకం తీసి కొడుకు చేతిలో పెట్టింది. తర్వాత ఫొటో తీసింది. ఇద్దరు కుర్రాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నవ్వుతున్నారు.

"ఇప్పుడు నాన్న బాగానే ఉన్నారు కదమ్మా?" అని అడిగాడు గోపీనాథ్.

"బాగానే ఉన్నార్రా. రెండ్రోజులుగా ఆ పేరే ఎత్తలేదు. కడుపారా అన్నం తిన్నారు." ఆమె ఫొటో తనవైపు తిప్పుకుంది. "సీమోనుకి పెళ్ళీపెడాకుల్లేవు. తలుచుకునే మనిషి ఈయనొక్కడే ఉండేవాడు. ఆ ఒక్కణ్ణీ నేనే లేకుండా చేశాను."

ఆమె ఫొటోకంటిన తవుడు పమిటతో తుడిచింది. కాసేపు చూసి, మళ్ళీ బియ్యంలోకి దించి మూత పెట్టింది.